చచ్చినాయన వేసిన రెండు ఓట్లు

మంగళవారం మధ్యాహ్నం చనిపోయిన మనిషి బుధవారం మధ్యాహ్నం ఓటేశాడు. ఒకటి కాదు, రెండు. మొదటిది ఊటని అమ్మేద్దామని. రెండోది అమ్మొద్దని. రెండూ ఒకే నిమిషంలో.

నలభై ఏళ్ల పోలీసు ఉద్యోగంలో నేను చూడని వింత లేదు. మా బాల్జ్ చిన్నాన్న చీమలపుట్ట మీద కూర్చుని, చీమ ఎక్కడ కుట్టిందో దాన్నిబట్టి రేపు ఎండో మంచో చెప్పేవాడు. ఒక ఏడాది మరీ లోపలికి కుట్టిందట, ఏప్రిల్ దాకా మంచు ఆగలేదు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. అయినా చచ్చినవాడు మనసు మార్చుకోవడం మాత్రం ఇదే మొదటిసారి వినడం.

చనిపోయినాయన పేరు అలోయిస్ ఎల్సెనర్. డెబ్బై ఎనిమిదేళ్లు. హోమాట్ పచ్చిక సంఘానికి ప్రెసిడెంటు. కొండమీది మేతబీళ్లు, వాటి మధ్యనున్న నీటి ఊట నలభై ఒక్క కుటుంబాల ఉమ్మడి సొత్తు. ఆ ఊటని సీసాల నీళ్ల కంపెనీకి అమ్మాలా వద్దా అని సోమవారం నుంచి బుధవారం రెండింటిదాకా ఓటింగు పెట్టారు. వద్దనేవాళ్లలో ఎల్సెనర్‌దే పెద్ద గొంతు. మంగళవారం సాయంత్రం ఆరింటికి పోస్టుమ్యాన్ చూసేసరికి ఊటగది తొట్టిలో బోర్లా తేలుతున్నాడు. తలవెనక దెబ్బ. ప్రాణం పోయింది రెండింటికీ నాలుగింటికీ మధ్య అన్నాడు డాక్టరు. మెడలో పెన్‌డ్రైవ్ అలాగే వేలాడుతోంది.

ఆ పెన్‌డ్రైవే ఆయన సంతకం. ఈ సంఘం వాళ్లు కాగితం మీద ఓటెయ్యరు, బ్లాక్‌చెయిన్ మీద వేస్తారు. ఒకసారి ఎక్కితే చెరపడానికి వీల్లేని చిట్టా అన్నమాట. మా ట్సూగ్ జిల్లాలో ఇదేం కొత్త కాదు. ఆవులకంటే బ్లాక్‌చెయిన్ కంపెనీలే ఎక్కువ మాకు, ఆవులంత పని చెయ్యవు గానీ. ఈ సంఘం చిట్టా రెండు కంప్యూటర్లలో ఉంటుంది. ఒకటి పాలకేంద్రం నేలమాళిగలో. రెండోది పైన ఊటగదిలో, నీటిమట్టం కొలిచే పెట్టె పక్కన.

మూడూ నలభైకి ఆ నేలమాళిగలోకి దిగుతున్నాం. ముందు డాక్టర్ బ్రెండ్లి, వెనక నేను, నా వెనక సెరైనా కడూఫ్ అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి. ఈ ఓటింగు ప్రోగ్రాం రాసింది ఆమే. ఐదింటికి ఆమెని అరెస్టు చెయ్యాలి. చెయ్యాలన్నది నా ఉద్దేశం కాదు, బ్రెండ్లిది.

బ్రెండ్లి జూరిక్ మనిషి. రోగాల డాక్టరు కాదు, చదువు డాక్టరు, కంప్యూటర్ నేరాల నిపుణుడు. మా డిపార్టుమెంటు అవసరమైనప్పుడల్లా అద్దెకి తెచ్చుకుంటుంది. ఈసారి మేం అడక్కముందే తనే ఫోన్ చేసి మరీ వచ్చాడు. మూడూ ఐదుకి పెన్‌డ్రైవ్ అప్పగించి రసీదు మీద సంతకం తీసుకున్నాను. "ఇంకా కాగితం రసీదులేనా, గ్వెర్డర్ గారూ?" అని నవ్వాడు. పల్లెబడి చదువు సార్, ఆరు తరగతులకి ఒకే పంతులు, అందులోనూ ఆయనకి సగం చెవుడు, అన్నాను.

"చూడండి, ఇందులో అర్థం కానిదేం లేదు," అంటూ మెట్లు దిగి, ఉపన్యాసం ఆపకుండానే జున్ను చక్రాల అర వెనక్కి చెయ్యి పోనిచ్చి దీపం వేశాడు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు. మనుషులే చెబుతారు."

మా వెనకే పిర్మిన్ ఇటెన్ దిగివచ్చాడు. పాలకేంద్రం నడిపేది అతనే. యాభై ఏళ్లుంటాయి, పెద్ద పొట్ట, చిన్న మాట. చెక్కపలక మీద జున్ను ముక్కలు కోసి తెచ్చాడు.

"తిను కాస్పరన్నా, రెండేళ్లు మగ్గింది."

"నేను అరవై నాలుగేళ్లు మగ్గాను, నన్నెవడూ కొయ్యట్లేదు," అని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. "ఎల్సెనర్ ఈ మధ్య ఎప్పుడొచ్చాడు ఇక్కడికి?"

"శనివారం పాలు పోశాడు. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు."

"ఖాయమేనా?"

"మా అమ్మ మీద ఒట్టు."

వాళ్లమ్మ పోయి పదేళ్లయింది. అయినా రాసుకున్నాను. "సరే, నువ్వు పైకెళ్లు. పిలిస్తే రా."

పిర్మిన్ మెట్లెక్కాక బ్రెండ్లి కాగితం ఒకటి తీసి బల్లమీద పరిచాడు.

"పన్నెండూ ముప్ఫై ఒకటికి ఎల్సెనర్ పేరుతో రెండు ఓట్లు చిట్టాకెక్కాయి. ఎక్కించింది ఈ కంప్యూటర్. బయటినుంచి కాదు, ఈ మీటల మీదే. అమ్మాయ్, పన్నెండూ ముప్ఫై ఒకటికి ఎక్కడున్నావు?"

"ఇక్కడే," అంది సెరైనా. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఏడ్చినట్టుంది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. పిర్మిన్ గారు భోజనానికెళ్లారు."

"పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా పిర్మిన్ హోటల్లో ఉన్నాడు. పదకొండుమంది సాక్షులు. ఇక మిగిలిందెవరు, గ్వెర్డర్ గారూ?"

"నేను కంప్యూటర్ ముట్టుకోనేలేదు," అంది ఆమె. "నేను పెట్టిన పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు. పిర్మిన్ గారికి ఫోన్ చేసి అడిగితే మర్చిపోయానన్నారు. ఎదురుచూసీ చూసీ వెళ్లిపోయాను."

"అసలు ఎందుకొచ్చావు?" అన్నాను.

"నిన్న పన్నెండింటికి ఎల్సెనర్ గారు ఫోన్ చేశారు. 'అమ్మాయ్, రెండుసార్లు ఓటేశాను, ఒక్కటీ ఎక్కలేదు, వచ్చి చూడు' అన్నారు. నాకు నిన్న వేరే పనుంది. రేపొస్తాను తాతా అన్నాను." ఆమె అరచేత్తో కళ్లు తుడుచుకుంది. "నిన్ననే వచ్చి ఉంటే..."

బ్రెండ్లి చప్పట్లు కొట్టాడు. నిజంగానే, రెండుసార్లు. "చాలా బావుంది. ఇప్పుడు నేను చెప్తా వినండి. ఈమె పెన్‌డ్రైవ్‌లు పంచేటప్పుడే ఎల్సెనర్ పెన్‌డ్రైవ్‌కి నకలు తీసి పెట్టుకుంది. ముసలాయన కనిపెట్టాడు. తోసేసింది. ఇవాళ ఆ నకలుతో ఓటేసింది."

"ఎందుకు?"

"కంపెనీ ఏదో ఇస్తానని ఉంటుంది."

"ఇస్తే అమ్ముదామని ఒక ఓటు, వెంటనే వద్దని ఇంకో ఓటు ఎందుకేసింది?"

"కంగారు."

నా తల తిరుగుతోంది. ఎందుకంటారా? పెన్‌డ్రైవ్ మంగళవారం రాత్రి నుంచి ఇవాళ మూడింటిదాకా ట్సూగ్ స్టేషన్లో నా బీరువాలో ఉంది. తాళంచెవి నా జేబులో. అసలు సంతకం నా బీరువాలో నిద్రపోతుంటే ఇక్కడ రెండు ఓట్లు పడ్డాయి. నకలన్నా ఉండాలి, ఎల్సెనర్ దయ్యమన్నా అయ్యుండాలి. దయ్యాల సంగతి నాకు కొంచెం తెలుసు. అవి ఓటింగులకి రావు, పాలు విరగ్గొట్టడంతో సరిపెట్టుకుంటాయి.

తోచక ఆ కాగితాన్నే మళ్లీ మళ్లీ చదివాను. లెక్కలు అర్థం కాకపోతే ఆఖరి గీత చూడమనేవాడు మా చెవిటి పంతులు. ఆఖరి గీత చూశాను. 'ఓటింగు ముగింపు, 13:00.'

"డాక్టరుగారూ, ఓటింగు ఎన్నింటికి ముగిసింది?"

"అక్కడే ఉందిగా. ఒంటిగంటకి."

"పాలకేంద్రం తలుపుకి అంటించిన నోటీసులో రెండింటికని ఉంది. ఊరంతా రెండింటికే అంటోంది. మరి నలభై ఒక్క కుటుంబాలూ అబద్ధమాడాలి, లేదా మీ కాగితం ఇంగ్లండులో పుట్టి ఉండాలి."

సెరైనా గబుక్కున లేచి కాగితం లాక్కుంది. "బ్లాక్‌చెయిన్ గొలుసులో గడియారం ఎప్పుడూ గ్రీనిచ్ టైమే! చలికాలంలో మనకంటే గంట వెనక. ఇది పన్నెండూ ముప్ఫై ఒకటి కాదు, ఒకటీ ముప్ఫై ఒకటి!"

బ్రెండ్లి చెవులు ఎర్రబడ్డాయి. "చిన్న పొరపాటు. టైము మార్చడం మర్చిపోయాను."

ఇంత చదివినవాడు, రోజూ ఇదే పని చేసేవాడు, మొదటి పాఠంలో చెప్పేది మర్చిపోయాడు. అప్పుడు నాకు ఆనందమే తప్ప అనుమానం కలగలేదు. ముసలితనం అంటే ఇదే.

"అమ్మాయ్, ఒకటీ ముప్ఫై ఒకటికి ఎక్కడున్నావు?"

ఆమె కోటు జేబులోంచి టిక్కెట్టు తీసింది. "ఒకటీ ఇరవై ఏడు పోస్టు బస్సు. మలుపు దగ్గరికొచ్చేసరికి సైరన్ మోగింది."

ఫిబ్రవరి మొదటి బుధవారం, ఒకటిన్నరకి దేశమంతా సైరన్లు పరీక్షిస్తారు. మావాళ్ల బస్సు సైరన్‌కంటే కచ్చితం. అంటే ఓట్లు పడ్డప్పుడు ఈమె బస్సులో ఉంది. పిర్మిన్ హోటల్లోంచి వచ్చేసి ఇక్కడున్నాడు.

"అయితే పిర్మిన్," అన్నాడు బ్రెండ్లి, చొక్కా మార్చినంత తేలిగ్గా. "నకలు వాడికి అమ్మి ఉంటుంది."

"ఆగండి," అన్నాను. "అమ్మాయ్, నాకు మొదట్నుంచీ చెప్పు. ఓటెయ్యడమంటే ఏం చేస్తారు? ఆవుకి చెప్పినట్టు చెప్పు."

ఆమె మొదటిసారి కాస్త నవ్వింది. "లైబ్రరీ ఒకటుంది. ఎవరో రాసిపెట్టిన పనిముట్ల పెట్టె అనుకోండి. గొలుసుతో మనం నేరుగా మాట్లాడలేం, ఆ పెట్టె మాట్లాడుతుంది. అందులో మూడు పనులు. ఉత్తరం రాయడం, సంతకం చెయ్యడం, పోస్టు చెయ్యడం. రాసి సంతకం పెట్టడానికి పెన్‌డ్రైవ్ కావాలి."

"పోస్టు చెయ్యడానికి?"

"అక్కర్లేదు. సంతకమైన ఉత్తరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఎప్పుడైనా పోస్టు..." ఆమె గిర్రున నా వైపు తిరిగింది. "తాతగారూ! ఆ ఉత్తరాలు ఇవాళ రాసినవి కానక్కర్లేదు!"

"నన్ను తాత అన్నందుకు తర్వాత కేసు పెడతాను. నాకు కంప్యూటర్ డైరీ చూపించు. డాక్టరుగారి కాగితం కాదు, అసలుది."

"నిందితురాలు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు!" బ్రెండ్లి అడ్డం నిలబడ్డాడు.

"మీటలు ఆమె నొక్కుతుంది. తప్పు నొక్కితే వేళ్లు నేను నొక్కుతాను. తప్పుకోండి."

"మీకిది అర్థం కాదు, గ్వెర్డర్ గారూ!"

"నాకు అర్థం కాదనే కదా నలభై ఏళ్లుగా జీతమిస్తున్నారు."

ఆయన తప్పుకున్నాడు. పిర్మిన్ మధ్యాహ్నం పోలీసులకి తెరిచిచ్చిన కంప్యూటర్ అలాగే ఉంది. సెరైనా ముందు లైబ్రరీని పిలిచింది. తర్వాత నాలుగంటే నాలుగే వరసలు కొట్టింది. తెరమీద రెండు ఉత్తరాలు లేచాయి. ఒక్కోదాని పక్కన వరస నంబరు, చిట్టాకెక్కిన టైము, ఈ కంప్యూటర్ దాన్ని మొదట చూసిన టైము. ఈ మూడో టైము బ్రెండ్లి కాగితంలో లేనేలేదు.

గంట కలిపి ఆమె పైకి చదివింది. "ఏడో నంబరు. 'అమ్ముదాం.' మొదట చూసింది ఇవాళ ఒకటీ ముప్ఫై ఒకటి. ఎనిమిదో నంబరు. 'వద్దు.' మొదట చూసింది... మంగళవారం పదకొండున్నర!"

మంగళవారం పదకొండున్నరకి ఎల్సెనర్ బతికే ఉన్నాడు.

"ఎనిమిదోది ఆయన ఇంటినుంచి పంపారు," అంది. "మరి ఇవాళ దాకా ఎక్కడుంది?"

నా జేబులో ఎల్సెనర్ నోటుపుస్తకం ఉంది. ఆయన వంటగది బల్ల సొరుగులో దొరికింది. నలభై ఏళ్లు సంఘానికి కార్యదర్శిగా చేసిన మనిషి, బయటికెళ్లే ప్రతి ఉత్తరానికీ పెన్సిల్‌తో నంబరు వేసుకునే అలవాటు. తీసి తెరిచాను. ఆఖరి రెండు వరసలు ముత్యాల్లా ఉన్నాయి. 'ఏడు: సోమవారం, తొమ్మిదీ పది, పాలకేంద్రం. వద్దు.' 'ఎనిమిది: మంగళవారం, పదకొండున్నర, ఇల్లు. వద్దు.'

సెరైనా రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో, ఆయన నంబరు! తర్వాతి నంబరు ఎంతో లైబ్రరీయే గొలుసుని అడిగి వేస్తుంది. అందరికీ అలాగే పెట్టాను. ఈయన ఒప్పుకోలేదు. 'నా ఉత్తరానికి నంబరు వేసే హక్కు నాది' అని పట్టుబట్టి ఖాళీ గడి పెట్టించుకున్నారు. నేను మాత్రం చేత్తో చచ్చినా వెయ్యను. నాలుగేళ్లలో నాది ఒక్కటీ తప్పలేదు, రేపు నేను రాయబోయేది రెండొందల పదమూడు అని నిద్రలో లేపినా చెప్తాను."

"ఖాళీ గడి ఉంటే ఏమవుతుంది?"

"సోమవారం ఏడు వేసేశాననుకుని మంగళవారం ఎనిమిది వేశారు. కానీ ఏడోది గొలుసుకి చేరనేలేదు. ఏడు రానిదే ఎనిమిదిని తీసుకోదు. అలా నిలబెట్టేస్తుంది."

అప్పుడు నా బుర్రలో గంట మోగింది. మామూలు గంట కాదు, ఆవు మెడగంట.

బాల్జ్ చిన్నాన్నకి ఇరవై మూడు ఆవులుండేవి. కొండ దిగేటప్పుడు ఇరుకు గేటులోంచి ఒక్కొక్కటే వెళ్లాలి, ఎప్పుడూ ఒకటే వరసలో. ఒక ఏడాది ఏడో ఆవు వెనకబడిపోయింది, పక్క బీడులో ఎద్దుతో ఏదో మాటల్లో పడి. ఎనిమిదోది గేటు దగ్గర ఆగింది. దానివెనక పదిహేనూ ఆగాయి. కొట్టినా కదల్లేదు. మూడు రోజులు అలాగే నిలబడ్డాయి, వీపులమీద మంచు పేరుకుపోతే టూరిస్టులు గుట్టలనుకుని స్కీయింగు చేశారు. నాలుగో రోజు ఏడోది తాపీగా వచ్చి గేటు దాటింది. మిగతావన్నీ ఒక్క నిమిషంలో బిలబిలా దాటేశాయి.

ఇది చెప్తే సెరైనా బల్లమీద కొట్టింది. "అదే! అచ్చంగా అదే!"

"అంటే సోమవారం ముసలాయన ఇక్కడికొచ్చి వద్దని ఓటేశాడు. తెరమీద 'వద్దు' అనే కనపడింది. కానీ కింద సంతకమైంది 'అమ్ముదాం' అన్న ఉత్తరం మీద. అప్పుడే పోస్టు చేస్తే చిట్టాలో చూసి గోలపెడతాడు. అందుకని దాచారు. ఆయన పోయాక, ఇవాళ, నువ్వు బస్సెక్కాక పోస్టు చేశారు. ఏడో ఆవు గేటు దాటింది."

"వెనకే ఎనిమిది దాటింది," అంది ఆమె. "రెండింటిదాకా ఓటు మార్చుకోవచ్చు, ఆఖరిదే లెక్క. ఇరవై, ఇరవైగా ఉన్నదాన్ని ఆయనే తేల్చారు. ఊట అమ్ముడుపోలేదు." మళ్లీ నోటుపుస్తకం వైపు చూసింది. "నేను చెప్పినట్టు లైబ్రరీకే వదిలేసి ఉంటే, ఆయన 'వద్దు' ఏడో నంబరుతోనే నిన్న ఎక్కేసేది. దొంగ ఉత్తరం చెల్లేదే కాదు. దొంగా దొరికేవాడు కాదు."

"సోమవారం తొమ్మిదీ పదికి ఇక్కడున్నవాడు దొరికాడుగా." శనివారం తర్వాత గడప తొక్కలేదన్న ఒట్టు గుర్తొచ్చింది నాకు. "కానీ నీ ప్రోగ్రాంలో వేలు పెట్టి, ఒకటి చూపించి ఇంకోటి సంతకం చేయించే విద్య పిర్మిన్‌కి వచ్చా?"

"ఆయన ఫోన్లో అలారం పెట్టిచ్చింది నేనే తాతగారూ."

"అయితే రెండోవాడున్నాడు. సరే, ఇంకొకటి. ఆ పెన్‌డ్రైవ్‌తో ఓటు కాక ఇంకేం చెయ్యొచ్చు?"

"అది ప్రెసిడెంటుది కదా. పొరపాటు జరిగిందనిపిస్తే ఒక్క రోజులోపు ఓటింగు మొత్తం రద్దుచేసి మళ్లీ..."

"అది ఇప్పుడు అనవసరం," అన్నాడు బ్రెండ్లి. అని నా వైపు తిరిగి, నేను కలలో కూడా అనుకోని పని చేశాడు. చెయ్యి చాపాడు. "ఓడిపోయాను, గ్వెర్డర్ గారూ. పల్లెబడికి నా నమస్కారం. ఈ అమ్మాయి ఇప్పుడు నిందితురాలు కాదు, మన ముఖ్య సాక్షి. వాంగ్మూలం రేపటికి ఆగకూడదు. నేనెలాగూ ట్సూగ్ వెళ్తున్నాను, కార్లో దింపుతాను. పిర్మిన్ సంగతి మీరు చూడండి."

మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేను ఉబ్బిపోయాను. జూరిక్ డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపుతుంటే, వెళ్లిరా అమ్మాయ్ అని నేనే ఆమె కోటు అందించాను. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని, మెట్లమీద ఆగి ఆమె అంది: "ఆవుల కథ నిజమేనా?"

"టూరిస్టుల సంగతి కొంచెం కలిపాను."

నాలుగూ నలభైకి కారు కదిలిన చప్పుడు వినిపించింది. పిర్మిన్‌ని కిందికి పిలిచాను.

"పిర్మిన్, సోమవారం తొమ్మిదీ పదికి నువ్వేం చేస్తున్నావు?"

"టీ రొట్టె తినే టైమది. తింటున్నాను."

"ఎల్సెనర్‌తోనా?"

"చెప్పాగా కాస్పరన్నా, ఆయన..."

నోటుపుస్తకం తెరిచి బల్లమీద పెట్టాను. పెన్సిల్ అక్షరాలు చూశాడు. ఆ చేతిరాత ఈ ఊళ్లో అబద్ధం చెప్పదని నాకంటే అతనికే బాగా తెలుసు. పీట మీద కూలబడ్డాడు.

"నేను చంపలేదు. దేవుడి తోడు, చంపలేదు. మీట నొక్కమన్నాడు, నొక్కాను. కొత్త పాలకేంద్రం కట్టిస్తారన్నాడు. ముసలాయన నిన్న వచ్చి నా ఏడో నంబరేదిరా అని అడిగాడు. భయమేసి ఫోన్ చేశాను. 'ఊటగదికి పంపించు, నేను మాట్లాడి ఒప్పిస్తా' అన్నాడు. పంపించాను. అంతే చేసింది."

"ఎవడు?"

పిర్మిన్ మెట్లవైపు చూశాడు. చెమటతో మొహం జున్నులా మెరుస్తోంది. "చెప్తే నాకూ అదే తొట్టి అన్నాడు."

"ఇక్కడికి వచ్చాడా ఎప్పుడైనా?"

"మూడుసార్లు. ప్రోగ్రాం మార్చడానికి. ఇక్కడే కూర్చునేవాడు."

ఇక్కడే. ఈ నేలమాళిగలో. హత్య సంగతి చూడ్డానికి ఉదయం వచ్చినప్పుడు దీపం స్విచ్చి దొరకడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. రెండు జున్ను చక్రాలు కాలిమీద పడేసుకున్నాక గానీ దొరకలేదు. కొత్తగా వచ్చినవాడెవడైనా తడుముకోవాల్సిందే.

బ్రెండ్లి తడుముకోలేదు.

మర్చిపోయిన గంట, కాగితంలో ఎగిరిపోయిన మూడో టైము, అడక్కుండానే వచ్చిన ఫోను, చాపిన చెయ్యి. ఒక్కొక్కటే వచ్చి గేటు దగ్గర నిలబడ్డవన్నీ ఇప్పుడు బిలబిలా దాటేశాయి.

తెర టక్కుమంది.

సెరైనా తెరమీద తెరిచిపెట్టిన కిటికీలో కొత్త ఉత్తరం. ఎల్సెనర్ పేరు. తొమ్మిదో నంబరు. నాకిప్పుడు గంట కలపడం వచ్చు: నాలుగూ యాభై రెండు. 'ప్రెసిడెంటు ఆజ్ఞ. ఓటింగు రద్దు. రేపు మళ్లీ.' వచ్చిన చోటు, ఊటగది.

జేబులోంచి రసీదు తీశాను. 'పెన్‌డ్రైవ్ ఒకటి, మూడూ ఐదు గంటలకు అందినది.' కింద బ్రెండ్లి అందమైన సంతకం.

ట్సూగ్ వెళ్లే కారు కొండ దిగాలి. ఈ కారు కొండెక్కింది. సెరైనా ఫోన్‌కి కొట్టాను. మోగింది, మోగింది, ఆగిపోయింది.

తెర మళ్లీ టక్కుమంది. ఈసారి సెరైనా కడూఫ్ పేరు. 'ఎల్సెనర్‌ని నేనే చంపాను. ఓట్లు నేనే మార్చాను. ఈ నీళ్లలోనే నేనూ పోతున్నాను. క్షమించండి.' అదే చోటు. నాలుగూ యాభై ఐదు.

పిర్మిన్ శిలువ గుర్తు వేసుకున్నాడు. "అయిపోయింది. చెరపడానికి వీల్లేని చిట్టాలో ఎక్కేసింది."

నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. మా చెవిటి పంతులు ఆఖరి గీత చూడమన్నాడు, చూశాను. ఉత్తరం పక్కన చిన్న అక్షరాలతో ఉంది: 'వేచి ఉన్నది.' వరస నంబరు, రెండొందల పద్నాలుగు.

పదమూడు లేదు.

పక్కన నిలబడి రాయించినవాడు మాటలు చూసుకున్నాడు. నంబరు చూసుకోలేదు. నాలుగేళ్లలో ఒక్క నంబరూ తప్పని పిల్ల, చేత్తో చచ్చినా వెయ్యనన్న పిల్ల, చేత్తో వేసింది. ఒకటి వదిలేసి మరీ వేసింది. పదమూడు పడేదాకా ఈ చావు ఉత్తరం చిట్టాకెక్కదు. అది ఎక్కేదాకా ఆమె వాడికి బతికే కావాలి.

నాకు కబురు పంపింది. గేటు దగ్గర నిలబడే ఉన్నాను, రా తాతా అని.

"పిర్మిన్!" అని అరిచాను. "ట్రాక్టర్ తియ్యి!"